వేణ్ణీళ్ళ పథకం, చల్లగాలి లబ్ధిదారులు

మొన్న చెన్నై శివారు షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంటు వాళ్ళ మీటింగు జరిగింది. ఫ్లాట్లలో గీజర్లన్నీ పీకేసి హీట్ పంపులు పెట్టించాలా వద్దా అన్నది విషయం. ఐటీ ఉద్యోగాల పిల్లలు గోడమీద రంగురంగుల బొమ్మలు వేసి చూపిస్తూ, ఎన్నేళ్ళలో ఖర్చు తిరిగొస్తుందో, సర్కారు ఎంత ఇస్తుందో చక్కగా చెప్పారు. చివర్లో ఒకమ్మాయి నా వైపు తిరిగి, "ఆంటీ, మీరు ఈ పనిలోనే రిటైరయ్యారట కదా, ఏమైనా చెప్పండి" అంది.

"దాని మూతి ఎటు పెడుతున్నారు?" అన్నాను.

అందరూ నవ్వేశారు. పెద్దావిడ సరదాకి అన్నదనుకున్నారు. నేను సరదాకి అనలేదు పిల్లలూ. ఆ ప్రశ్న నేను వేసుకోవలసిన రోజున వేసుకోలేదు. దాని ఫలితంగా మా పెద్దాఫీసరు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చింతాద్రిపేట వీధిలో వేణ్ణీళ్ళ బకెట్లు మోయవలసి వచ్చింది. ఆ సంగతి ఎప్పుడైనా ఎవరికైనా చెప్పాలని ఉండేది. ఇప్పుడు చెబుతున్నాను.

నా రిటైర్మెంటుకు రెండేళ్ళుండగా, నేను ఇంజినీరుగా ఉన్న సర్కారు కరెంటు పొదుపు ఆఫీసుకు ఒక పథకం వచ్చింది. ఇంట్లో గీజరో, నీళ్ళలో ముంచే కరెంటు కడ్డీయో మానేసి హీట్ పంపు పెట్టుకుంటే సగం ఖర్చు సర్కారు భరిస్తుంది. హీట్ పంపు అంటే మరేం లేదు, మన ఫ్రిజ్జుకు తోబుట్టువు. చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాక్కుని నీళ్ళకు ఇస్తుంది. గీజరు తాగే కరెంటులో మూడోవంతు చాలు. వేడి పోగొట్టుకున్న గాలి చల్లబడి దాని మూతిలోంచి బయటికి వస్తుంది. మాకొచ్చిన సర్క్యులర్‌లో నీళ్ళ గురించి పద్నాలుగు పేజీలున్నాయి. ఆ చల్లగాలి గురించి ఒక్క ముక్క లేదు. రాసినాయన ఎక్కడో స్వెట్టరు వేసుకుని కూర్చుని రాసి ఉంటాడు.

దాన్ని పట్టుకుని మేం చెన్నైలో ఇల్లిల్లూ తిరిగాం. మే నెలలో కుళాయి తిప్పితే చెయ్యి కాలే ఊరిది. స్నానానికి నీళ్ళు ముందే బకెట్లో పట్టి చల్లారబెట్టుకునే జనం. పెరంబూరులో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఒకాయన మా కాగితం ఆసాంతం చదివి, కళ్ళజోడు తీసి, "ఏమ్మా, ఈడ మాకు వేడి తక్కువైందని మీకు ఎవురు చెప్పినారు?" అని అడిగాడు. కరెంటు బిల్లు ఆదా అవుతుందన్నాను. "మొదటి నూరు యూనిట్లకు బిల్లే లేదు గదా, ఉండేదే లేనప్పుడు మిగిలేదేంది?" అన్నాడు. నేను కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

నాతో తిరిగే టెక్నీషియన్‌ది కూడా పెరంబూరే. నాకంటే ఏడాది పెద్ద, నేను అన్నా అనేదాన్ని. పనిలో గట్టివాడు గానీ, పుట్టి బుద్ధెరిగాక వేణ్ణీళ్ళు ఒంటిమీద పోసుకోని మనిషి. జనాన్ని ఒప్పించడానికి వెళ్ళి, తానే వాళ్ళ మాటకు ఒప్పుకుని వచ్చేవాడు. "ఆయన చెప్పేదాంట్లో న్యాయం ఉండాది మేడమ్" అనేవాడు బయటికి రాగానే.

ఇక మా పెద్దాఫీసరు. తరతరాలుగా తమిళనాడు దక్షిణాన సేద్యం చేసుకున్న తెలుగువాళ్ళు. ఆయన మాట్లాడేది తమిళం, రాసేది ఇంగ్లీషు, కోపం వస్తే మాత్రం తెలుగు. ఫిబ్రవరి చివర్లో మమ్మల్నిద్దర్నీ పిలిచి తెలుగులో మొదలుపెట్టాడు. "మార్చి అయ్యేలోపల పన్నెండు ఇండ్లన్నా చూపించల్ల. లేకుంటే పథకం ఎత్తి ఇంకో ఊరికి ఇస్తారు. ఊటీకి ఇస్తారు. మనం చూస్తా కూర్చోవల్ల. తెలిసిందా?"

ఊటీకి ఇవ్వడమే న్యాయమని మా అన్న ముఖంలో రాసి ఉంది. నోటితో అనకుండా ఉండాలని నేనతని కాలు తొక్కాను.

అప్పుడు దొరికింది చింతాద్రిపేట అవ్వ.

కూవం మురుగునది ఒడ్డుకు రెండు వీధుల ఇవతల, పాతకాలపు ఇల్లు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. రైలుపెట్టెలా ఒక గది వెనక ఒక గది, నడుమ మండువాలాంటి చిన్న తొట్టికట్టు, దానిమీద ఆకాశం. ఆ కుటుంబం కళ్ళజోడు ఫ్రేముల హోల్‌సేలు వ్యాపారస్థులు. అవ్వకు ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పులకు మే నెలైనా సరే పొగలు కక్కే నీళ్ళు కావాలి. బకెట్లో కరెంటు కడ్డీ వేసి కాచేవాళ్ళు. కోడలికి రెండుసార్లు షాకు కొట్టింది.

"నాకెప్పుడూ కొట్టలేదే, అది మనిషిని చూసి కొడతాది" అంది అవ్వ.

కోడలు నాకేసి చూసింది. "అక్కా, మీ యంత్రం రేపే పెట్టేయండి. సగం ఖర్చు కాదు, మొత్తం నేనే ఇచ్చుకుంటా" అంది.

మిగతా పదకొండిళ్ళూ తెలిసినవాళ్ళ మొహమాటం మీద పోగుచేశాం. మార్చి చివరివారంలో అవ్వ ఇంటికి యంత్రం వచ్చింది. మనిషంత పొడుగు పీపా, దాని నెత్తిన గాలి లాగే పెట్టె. మేడమీదికి ఎక్కించాలి. మెట్లు మనిషి పక్కకు తిరిగి ఎక్కేంత సన్నం. అన్న పైనుంచి లాగుతుంటే ఇద్దరు కూలీలు కిందనుంచి నెట్టారు. మలుపులో పీపా ఇరుక్కుంది. పైకీ పోదు, కిందికీ రాదు. అన్న పైన ఉండిపోయాడు. అవ్వ కంగారుపడి, "ఆ పిల్లోడు తిన్నాడో లేదో" అని ఆ యాభైతొమ్మిదేళ్ళ పిల్లోడికి పీపా మీదుగా పెరుగన్నం గిన్నె అందించింది. తర్వాత కాఫీ. గంటన్నరకు పీపా కిందికి వచ్చింది. అన్న రెండు గీతలు పడిన మోచేతులతో, నిండిన కడుపుతో దిగాడు.

"మేడమ్, మేడమీదికి పోదు. ఆ నడవలో పెట్టేద్దాం" అన్నాడు.

తొట్టికట్టు పక్కన, హాలుకు ఆనుకుని ఒక నడవ ఉంది. ఫారంలో ఏడో ప్రశ్న, యంత్రం ఇంటి బయట పెట్టారా అని. నేను నడవలో నిలబడి చూశాను. మెడ బాగా వెనక్కి వంచి, కొంచెం ఎడమకు తిప్పితే ఆకాశం ముక్క కనిపించింది. ఆకాశం కనిపిస్తే బయటే కదా అనుకున్నాను. అవునని టిక్కు పెట్టి సంతకం చేశాను. మార్చి నెల మనుషుల చేత ఎన్ని సంతకాలు చేయిస్తుందో సర్కారు కొలువు చేసినవాళ్ళకు తెలుసు. యంత్రం మూతి హాలు వైపు తిరిగి ఉందన్నది నేను చూడలేదు. అన్న చూశాడట, గానీ పెరుగన్నం తిన్న ఇంట్లో తప్పులు ఎంచడం బాగుండదని ఊరుకున్నాడట.

మే మొదటివారంలో రీడింగులు వచ్చాయి. ప్రతి యంత్రానికీ వేణ్ణీళ్ళు కొలిచే మీటరుంటుంది. పన్నెండిళ్ళలో పదకొండు ఇళ్ళు ఎండలకు యంత్రాన్ని ముట్టుకోలేదు. చింతాద్రిపేట ఇంట్లో మాత్రం ఒక హాస్టలు ఆడపిల్లలందరూ రోజుకు రెండుసార్లు తలంటుకున్నా ఖర్చవనన్ని వేణ్ణీళ్ళు వాడారు.

మీటరు చెడిందనుకున్నాను నేను. పెద్దాఫీసరు అలా అనుకోలేదు. చాలాకాలం తర్వాత ఆయన నాతో సంతోషంగా, తమిళంలో మాట్లాడాడు. "చూశావా, జనం అలవాటు మారింది!" అన్నాడు. ఆ ఇంటిని ఆదర్శ గృహం అన్నాడు. అవ్వ బకెట్టు పట్టుకుని నవ్వుతున్న ఫోటో కావాలన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఢిల్లీకి రాశాడు. పథకం చూసే అధికారి, వచ్చే గురువారం స్వయంగా వచ్చి ఆ ఇల్లు చూస్తానని జవాబిచ్చాడు.

నేనూ అన్నా బుధవారం మధ్యాహ్నమే ఆ ఇంటికి పరుగెత్తాం.

తలుపు తీయగానే కొడైకెనాల్లో అడుగు పెట్టినట్టయింది. హాలులో చాప మీద వీధిలోని ముసలమ్మలు తొమ్మిదిమంది. అవ్వ పట్టె మంచం యంత్రం మూతికి ఎదురుగా. ఒకామె శాలువా కూడా కప్పుకుంది. గోడవారగా ఎవరివో మల్లెపూల బుట్టలు, వాడిపోకుండా. ఇంకో పక్క నాలుగిళ్ళ ఇడ్లీపిండి గిన్నెలు, పులిసిపోకుండా. ప్రతి గిన్నె మూతమీదా సుద్దతో ఇంటినంబరు.

"రామ్మా, ఈడ కూర్చో. తలుపు మూయి, గాలి పోతా ఉండాది" అంది అవ్వ.

"అవ్వా, ఇది వేణ్ణీళ్ళ యంత్రం" అన్నాను నీరసంగా.

"వేణ్ణీళ్ళు కూడా వస్తాయిలే" అంది అవ్వ, యంత్రం మర్యాద కాపాడుతున్నట్టు.

కోడలు కనిపెట్టిన కిటుకు ఇది. పీపా నిండా నీళ్ళు కాగిపోతే యంత్రం ఆగిపోతుంది, గాలీ ఆగుతుంది. వేణ్ణీళ్ళు తోడేస్తే మళ్ళీ మొదలవుతుంది. కనుక తోడేస్తూ ఉండాలి. ఊరికే పారబోయడానికి ఆ అమ్మాయికి మనసొప్పలేదు. పక్కనే ఒక మెస్సు ఉంది. రోజూ జిడ్డు గిన్నెలు తోమడానికి వాళ్ళు గ్యాసు పొయ్యిమీద నీళ్ళు కాచుకునేవాళ్ళు. ఇప్పుడు గంటకోసారి ఈ ఇంటినుంచి బకెట్లు పోతున్నాయి. బదులుగా మధ్యాహ్నం సాంబారు వస్తోంది. వంటింటి తలుపు వెనక టైంటేబులు కూడా అంటించి ఉంది.

యంత్రం ఇంట్లో ఉంది, నా సంతకం బయట ఉందంటోంది. ఇంటి నీళ్ళు వ్యాపారానికి పోతున్నాయి, అది ఇంకో నిబంధన తప్పడం. గట్టిగా పట్టుకుంటే ఈ కుటుంబం సర్కారు ఇచ్చిన సగం తిరిగి కట్టాలి. యంత్రం పోతుంది, కడ్డీ తిరిగొస్తుంది. ఇక నా సంగతి చెప్పనే అక్కర్లేదు.

"రేపొక్కరోజు ఎవరూ రావద్దు. పూలు, పిండి తీసేయండి. అవ్వా, మంచం జరపండి" అని బతిమాలాను.

"సెరి, సెరి" అన్నారు తొమ్మిదిమందీ, తల ఊపుతూ, కదలకుండా.

గురువారం పదకొండు గంటలకు ఢిల్లీ అధికారి కారు దిగాడు. లావుపాటి మనిషి, మెడలో టై. కూవం వాసన, మే నెల ఎండ, ఉక్క, మూడూ ఒకేసారి ఆయన్ను ఎదుర్కొన్నాయి. ఇంట్లోకి వచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. హాలు ఖాళీగా, శుభ్రంగా, పొయ్యిలా ఉంది. యంత్రం నీళ్ళు కాచుకుని నిద్రపోతోంది.

"నడిపించి చూపండి" అన్నాడాయన.

కోడలు కుళాయి తిప్పింది. యంత్రం గుర్రుమంది. రెండు నిమిషాలకు చల్లటి గాలి హాలులోకి వచ్చింది. అధికారి ముఖం మారడం నేను చూశాను. అవ్వ కూడా చూసింది.

"ఏమప్పా, ఇంత ఎండలో వచ్చినావు. ఈడ కూర్చో, ఈడ. రొంబ చల్లంగా ఉంటాది" అని తన మంచం తిరిగి యథాస్థానానికి లాక్కొచ్చి ఆయన్ను కూర్చోబెట్టింది. మాట అర్థం కాలేదు గానీ ఆయన కూర్చున్నాడు. టై వదులు చేశాడు. తలుపు సందులోంచి ముసలమ్మలు ఒక్కొక్కరే లోపలికి జారుకుని చాప మీద సర్దుకున్నారు.

అధికారి నన్ను అనువాదం చేయమన్నాడు. "రోజుకు ఎంత వేణ్ణీళ్ళు వాడతారో అడగండి."

అడిగాను. "నేనా? ఒక్క బకెట్టు" అంది అవ్వ.

పెద్దాఫీసరు దగ్గాడు.

"మరి మిగతాదంతా?" అన్నాడు అధికారి.

"మిగతాది గాలి కోసరం అప్పా. నీళ్ళతో మాకేం పని, ఈ ఎండలో?"

పెద్దాఫీసరు నా చెవిదగ్గర తెలుగులోకి దిగాడు. "ఏమ్మా, అట్లే చెప్పేస్తావేమో! పెద్ద సంసారం, అందురూ మూడేసిసార్లు స్నానం చేస్తారు అని చెప్పు."

అవ్వ నా ముఖంలోకి చూస్తోంది. ఆమె అంత సూటిగా చెప్పినమాటను నేను స్నానాలుగా మార్చి చెప్పాలి. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో ఎన్నో కాగితాలను అటుదిటు చేసి ఉంటాను గానీ, ఎదురుగా కూర్చున్న మనిషి నోటి మాట మార్చడం నాచేత కాలేదు. ఊపిరి పీల్చుకుని మొత్తం చెప్పేశాను. గాలి సంగతి, మెస్సు సంగతి, ఏడో ప్రశ్న, మెడ వంచి చూసిన ఆకాశం ముక్క, నా సంతకం. తప్పు నాది, ఈ కుటుంబానిది కాదు అన్నాను. కళ్ళు దించుకుని నిలబడ్డాను.

జవాబు లేదు. ఇంత కోపమా అనుకున్నాను. మెల్లగా తలెత్తి చూశాను.

అధికారి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరిచి, పసిపిల్లాడిలా. నిన్నటి శాలువా ఆమె తన శాలువా తీసి ఆయన కాళ్ళమీద కప్పుతోంది.

"నిద్రపోయినాడా?" అన్నాడు పెద్దాఫీసరు. ఆయన ముఖంలో భయం, ఆశ రెండూ కనిపించాయి. "వినలేదు గదా? లేచేలోపల ఏమన్నా యోచన చేద్దాం."

అప్పుడే యంత్రం చప్పుడు తగ్గడం మొదలైంది. పీపా కాగిపోవస్తోంది. అది ఆగితే గాలి ఆగుతుంది, ఉక్క పోస్తుంది, ఆయన లేస్తాడు.

"తోడండి!" అంది కోడలు గుసగుసగా.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంటాను. కోడలు కుళాయి దగ్గర, అన్న వీధి గడప దగ్గర, నేను నడుమ. మెస్సాయన గిన్నెలన్నీ అప్పటికే తోమేశాడు. ఇంక వద్దంటే, తోమినవే మళ్ళీ తోమమని అన్న వాదిస్తున్నాడు. బకెట్లు చాలక ఇడ్లీపిండి ఇంటివాళ్ళు తమ బిందెలు తెచ్చారు. మనుషులు చాలక పెద్దాఫీసరే బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, చెరో చేత్తో ఒక బకెట్టు ఎత్తాడు. నేను అడ్డుపడబోతే, "నువ్వు తప్పుకోమ్మా, చిందుతాది" అన్నాడు. ముసలమ్మలు చాప మీదనుంచి కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. యోచన అన్నది ఎవరూ చేయలేదు. తీరిక ఎక్కడిది?

అరగంట అలా గడిచింది. ఏడో విడతో ఎనిమిదో విడతో, పెద్దాఫీసరు రెండు బకెట్లతో మంచం పక్కనుంచి పోతుండగా అధికారి కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఒక శాఖ అధిపతి, ఉత్త కాళ్ళతో, ఆవిర్లు కక్కే రెండు బకెట్లతో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీరేం చేస్తున్నారు?" అన్నాడు అధికారి.

పెద్దాఫీసరు బకెట్లు దించాడు. చివరికి నా వైపు చూసి, తెలుగులో, ఏమాత్రం కోపం లేకుండా, "చెప్పమ్మా" అన్నాడు.

ఒకే నిజాన్ని ఒకే మనిషికి రెండుసార్లు చెప్పవలసి రావడం చాలా కష్టం. మొదటిసారి ఉన్న ధైర్యం రెండోసారికి ఉండదు. అయినా చెప్పాను. ఈసారి ఆయన మేలుకునే విన్నాడు. విని చాలాసేపు శాలువా అంచు సవరించుకున్నాడు. తర్వాత మెస్సాయన్ను పిలిపించి ఒకే ప్రశ్న అడిగాడు, గ్యాసు సిలిండరు ఇదివరకు ఎన్నాళ్ళొచ్చేది, ఇప్పుడు ఎన్నాళ్ళొస్తోంది అని. మెస్సాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పాడు. ఆ లెక్క, హాలు కొలతలు, చాప మీద ఉన్నవాళ్ళ సంఖ్య రాసుకున్నాడు. తొమ్మిది కాదు, పది అని అవ్వ దిద్దించింది.

నెల తర్వాత ఆయన నివేదిక వచ్చింది. యంత్రం పెట్టిన చోటు నిబంధనలకు విరుద్ధం, తప్పు సంతకం చేసిన ఇంజినీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇచ్చుకున్నాను. ఇంక్రిమెంటు ఆర్నెల్లు ఆలస్యమైంది. బాధ లేదనను, కానీ న్యాయమే. రెండో పేరాలో, ఆ ఇల్లు పథకం మొత్తంలో యంత్రాన్ని అందరికంటే పూర్తిగా వాడుకున్న ఇల్లనీ, వేడి ఒకరికీ చలవ ఇంకొకరికీ పనికొచ్చిందనీ, మెస్సుకు గొట్టం వేసి యంత్రాన్ని ఉన్నచోటే ఉండనివ్వాలనీ రాశాడు. ఫారంలో చల్లగాలి ఎటు పోతుందన్న కొత్త ప్రశ్న చేరింది. సర్కారు కాగితంలో నా పొరపాటు ఒక గడి సంపాదించుకుంది, ఆ మాత్రం ఎంతమందికి దక్కుతుంది?

ఇక అర్జీలు మొదలయ్యాయి. అప్పటిదాకా బతిమాలినా రాని జనం ఆఫీసు మెట్ల మీద బారులు తీరారు. అన్న ఒక్కరోజులో ముగ్గురిని ఒప్పించాడు. ఆ అర్జీల్లో ఒక ఉత్తరం పురసవాక్కం నుంచి, ఒక పెద్దాయన రాసింది. భార్యా తానూ ఇద్దరే ఉంటామనీ, ఇల్లు పడమటి ముఖమనీ, గాలి మాత్రం మంజూరు చేయించమనీ, వేణ్ణీళ్ళు తమకు అక్కర్లేదనీ అందులో ఉంది.

పెద్దాఫీసరు దాన్ని నా బల్లమీద పెట్టి, "రూలు ప్రకారం జవాబు రాయి" అన్నాడు. రాశాను. అయ్యా, పథకం నిబంధనల ప్రకారం లబ్ధిదారులు వేణ్ణీళ్ళు కూడా తీసుకోక తప్పదు అని.

నాలుగోరోజు కార్డు వచ్చింది. ఒకే ఒక వాక్యం.

"సరే, భరిస్తాం."